పెట్టెకు పట్టే కాలం

పూతరేకు తయారయ్యే తీరు చూస్తే ఇంత సున్నితమైన తినుబండారం ఇంకొకటి ఉంటుందా అనిపిస్తుంది. కుండను బోర్లించి కింద మంట పెడతారు. పలుచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఆ కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగుతారు. గుడ్డ వెళ్లిన చోట నీరు ఆవిరై, తెల్లటి పొర ఒకటి మిగులుతుంది. దాన్ని చిట్లకుండా లేపితే అదే రేకు. అవతలి వెలుగు కనిపించేంత పలుచన. దాని మీద నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి, జీడిపప్పు పలుకులు వేసి చుడతారు. కోనసీమ జిల్లా ఆత్రేయపురం ఈ విద్యకు పుట్టిల్లు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇలాంటి వస్తువును సంక్రాంతికి హైదరాబాదుకో బెంగళూరుకో పంపాలంటే మంచి పెట్టె కావాలి. రేకు నలగకూడదు, మెత్తబడకూడదు, నెయ్యి బయటికి పొంగి అట్ట మీద మరక కట్టకూడదు. పైగా పెట్టె అందంగా ఉండాలి, చట్టం చెప్పమన్నవన్నీ దాని మీద అచ్చయి ఉండాలి. ఒక చిన్న తయారీదారు ఇలాంటి పెట్టె చేయించుకోవాలనుకుంటే ఎప్పుడు మొదలుపెట్టాలి? చాలామంది చెప్పే జవాబు నెల రోజులు. అచ్చు యంత్రం గంటకు వేల కాగితాలు లాగుతుంది కదా, నెల ఎక్కువేనని కూడా అనిపిస్తుంది. నిజానికి వంద రోజులు కావాలి. ఆ వంద రోజులు ఎక్కడికి పోతాయో చెప్పడమే ఈ అధ్యాయం పని.

ముందుగా ఒక తేడా పట్టుకుందాం. పెట్టె తయారీలో రెండు రకాల కాలాలు కలిసి ఉంటాయి. ఒకటి మనుషుల కాలం: నమూనా చూసి సరేననడానికి పట్టేది, కొటేషన్ కోసం ఎదురుచూసేది, అక్షరదోషం దిద్దడానికి అయ్యేది. శ్రద్ధ పెడితే దీన్ని సగానికి కుదించవచ్చు. రెండోది పదార్థాల కాలం: సిరా గట్టిపడటానికి, జిగురు కుదురుకోవడానికి, కాగితంలో తేమ సర్దుకోవడానికి, తినుబండారం పాడవుతుందో లేదో తేలడానికి పట్టేది. ఎవరు తొందరపెట్టినా ఇది తరగదు. పెట్టెలు ఆలస్యమయ్యే చోట సాధారణంగా జరిగేది ఇదే: మనుషుల కాలాన్ని మొదట్లో ధారాళంగా ఖర్చు చేసి, ఆ లోటును చివర్లో పదార్థాల కాలం నుంచి కోసుకోవాలని చూస్తారు.

వెనక నుంచి లెక్క

పెళ్లికి ముహూర్తం పెట్టాక ఇంటివాళ్లు ముందుకు లెక్కపెట్టరు, వెనక్కి లెక్కపెడతారు. ముహూర్తానికి ముందురోజు విడిది, దానికి ముందు పందిరి, దానికి ముందు బట్టలు, అన్నిటికంటే ముందు శుభలేఖలు. పెట్టె పథకమూ అలాగే సాగాలి. సంక్రాంతి జనవరి 14నో 15నో వస్తుంది, అది కదలదు. అమ్మకాలు అంతకు రెండు వారాల ముందే ఊపందుకుంటాయి. అంటే ఖాళీ పెట్టెలు డిసెంబర్ 20 నాటికి తయారీదారు గదిలో ఉండాలి. లెక్క అక్కణ్నుంచి వెనక్కి నడవాలి.

ఈ వెనక లెక్కకు 1950లలో గణితరూపం వచ్చింది. 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్‌కు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి, రసాయన కర్మాగారాల నిర్మాణం, మరమ్మతు వంటి పనులను కంప్యూటర్ సాయంతో వరసపెట్టే పద్ధతి ఒకటి రూపొందించారు. అదే క్రిటికల్ పాత్ పద్ధతి. ఏ పని అయ్యాక ఏ పని మొదలవ్వాలో గీసుకుంటే పనులు కొన్ని గొలుసులుగా కనిపిస్తాయి. వాటిలో అన్నిటికంటే పొడవైన గొలుసే మొత్తం గడువును నిర్ణయిస్తుంది. ఆ గొలుసులోని పని ఒక్కరోజు జారితే చివరి తేదీ ఒక్కరోజు జారుతుంది. మిగతా గొలుసుల్లో మాత్రం కొంత వెసులుబాటు ఉంటుంది.

మరి మన పెట్టె అతి పొడవైన గొలుసులో ఎక్కువ రోజులు తీసుకునే పని ఏది? అచ్చు వేయడమని ఎవరైనా అనుకుంటారు. కాదు. పూతరేకు తన లోపలి కవరులో ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చే పరీక్ష.

రేకుకు ఏం కావాలి

రేకు అంటే దాదాపుగా బియ్యపు పిండిపదార్థం, అంటే స్టార్చ్, పలుచటి పొరగా ఎండినది. స్టార్చ్ అణువులకు నీరంటే మక్కువ. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు ఆ పొరలోకి దూరి అణుగొలుసుల మధ్య జాగా చేసుకుంటాయి. గొలుసులు ఒకదాని మీద ఒకటి జారడం మొదలవుతుంది. అప్పుడే పెళుసుగా ఉన్న రేకు మెత్తబడి సాగుతుంది. గాలి మరీ పొడిగా ఉంటే దీనికి వ్యతిరేకం: రేకులోని కాస్త నీరూ బయటికి పోయి, తాకితేనే పొడి అవుతుంది. రేకు బాగుండాలంటే దానిలోని నీరు రెండు హద్దుల మధ్య నిలవాలి. బెల్లం వేసినవి ఇంకా చిక్కు. బెల్లంలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చక్కెరలు గాలిలోని తేమను చురుగ్గా పీల్చుకుంటాయి.

లోపలి కవరు తేమను ఎంత ఆపుతుందో కొలవవచ్చు. ఒక చదరపు మీటరు ఫిల్మ్ గుండా ఒక రోజులో ఎన్ని గ్రాముల నీటి ఆవిరి దాటుతుందన్నది ఆ కొలత. సాధారణంగా 38 డిగ్రీల వేడిలో, 90 శాతం తేమలో పరీక్షిస్తారు. ఒక ఉదాహరణ వేద్దాం. 20 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవు ఉన్న కవరుకు రెండు వైపులా కలిపి 0.1 చదరపు మీటరు ఉపరితలం ఉంటుంది. ఫిల్మ్ విలువ 5 గ్రాములైతే ఆ కవరులోకి రోజుకు అర గ్రాము, 20 రోజుల్లో 10 గ్రాముల నీరు చేరగలదు. అల్యూమినియం పూత ఉన్న ఫిల్మ్ తీసుకుని ఆ విలువ 1 గ్రాముకు తగ్గిస్తే 20 రోజుల్లో చేరేది 2 గ్రాములే. రేకుల బరువే ఎంతో తక్కువ. కాబట్టి ఈ 8 గ్రాముల తేడా మీదే సరుకు బాగోగులు ఆధారపడతాయి.

ఇక నెయ్యి. గాలిలోని ఆక్సిజన్, వెలుతురు కలిస్తే కొవ్వు మెల్లగా విరిగి ముక్కవాసన వస్తుంది. ఇలాంటి రసాయన చర్యలు పది డిగ్రీల వేడి పెరిగితే సుమారుగా రెట్టింపు వేగంతో జరుగుతాయి. అందుకే ప్రయోగశాలల్లో నమూనాలను వేడిగదిలో పెట్టి, తక్కువ రోజుల్లో ఎక్కువ రోజుల ఫలితం అంచనా వేస్తారు. నెయ్యి వరకు ఈ ఉపాయం కొంత పనిచేస్తుంది. రేకు మెత్తదనానికి మాత్రం పనికిరాదు. వేడి పెంచితే నెయ్యి కరిగి కారుతుంది, బెల్లం జిగటవుతుంది, స్టార్చ్ తీరే మారిపోతుంది. మామూలు గదిలో ఎన్నటికీ జరగని మార్పులు అక్కడ జరుగుతాయి, వాటినుంచి తీసే లెక్క తప్పుతుంది. 20 రోజులు నిలుస్తుందని కొనేవారికి హామీ ఇవ్వాలంటే, అదనపు భద్రత కలుపుకుని 30 రోజులు నిజంగానే ఉంచి చూడాలి. ఈ ముప్పై రోజులకు దగ్గరి దారి లేదు.

తెలివి చూపగల చోటు వేరే ఉంది. ఒక ఫిల్మ్‌ను 30 రోజులు పరీక్షించి, బాగాలేదని తేలాక రెండోదాన్ని, తర్వాత మూడోదాన్ని పరీక్షిస్తే 90 రోజులవుతాయి. మూడు రకాల ఫిల్ములను మొదటిరోజే పక్కపక్కన పెడితే 30 రోజుల్లోనే మూడు జవాబులు వస్తాయి. అచ్చులేని సాదా ఫిల్మ్ చాలు గనక బొమ్మలు, అక్షరాలు సిద్ధమయ్యేదాకా ఆగనక్కర్లేదు. నమూనాలు తెరిచే రోజులు ముందే రాసిపెట్టుకుని, ప్రతిసారీ తూకం వేసి, తిని చూసి, మెత్తదనాన్ని నమోదు చేసుకుంటే అదే ఒక చిన్న ప్రయోగశాల పుస్తకం అవుతుంది. నిల్వకాలం తేలకముందే అచ్చుకు వెళితే, కవరు మందమో కొలతో మారినప్పుడు బయటి పెట్టె కొలత మారుతుంది, దాంతో అట్టను కోసే పలక, అంటే డై, మారుతుంది, వేసిన డబ్బంతా నీళ్లపాలు.

అట్ట, మడత

సరుకు పరీక్షలో ఉండగానే పెట్టె ఆకారం గీయడం మొదలుపెట్టవచ్చు. మనం మడిచి కట్టే అట్టపెట్టె 1879లో బ్రూక్లిన్‌లో మొదలైంది. అక్కడ కాగితపు సంచుల వ్యాపారి రాబర్ట్ గేర్ దగ్గర ఒకరోజు విత్తనాల సంచులు అచ్చవుతున్నాయి. మడత గీత వేయాల్సిన లోహపు పట్టీ స్థానం తప్పి సంచులను కోసేసింది. ఆ నష్టంలో గేర్‌కు ఒక ఆలోచన కనిపించింది. ఒకే పలకలో కోసే పట్టీలు కాస్త ఎత్తుగా, మడతపెట్టే పట్టీలు కాస్త తక్కువగా అమర్చితే, ఒక్క నొక్కుడులో పెట్టె మొత్తం కోతతో, మడతతో తయారవుతుంది. ఇవాళ ప్లైవుడ్‌లో ఉక్కు పట్టీలు దిగ్గొట్టి చేసే డై, దానితో జరిగే పంచింగ్, క్రీజింగ్ అన్నీ ఆ ఆలోచన మీదే నిలిచాయి.

క్రీజింగ్ గీతను దగ్గరగా చూస్తే ఒక చక్కటి సంగతి తెలుస్తుంది. 300 జీఎస్ఎం అట్ట, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్నది, ఒకే ముద్ద కాదు, కొన్ని పొరల కలయిక. దాన్ని ఊరికే మడిస్తే బయటి పొర సాగలేక చిట్లుతుంది, రంగు పగిలి తెల్లటి గీత బయటపడుతుంది. మొద్దు అంచున్న పట్టీతో ముందే నొక్కితే ఆ గీత వెంబడి లోపలి పొరలు కొద్దిగా విడిపోతాయి. తర్వాత మడిచినప్పుడు ఆ పొరలు ఒకదాని మీద ఒకటి జారి లోపలివైపుకు ఉబ్బుతాయి, బయటి పొర మీద లాగుడు తగ్గుతుంది. అంటే మడత బాగా రావాలంటే అట్టను లోపల కొంత తెంచాలి, పైన తెగనివ్వకూడదు. పట్టీ లోతు, గాడి వెడల్పు ఏ అట్టకు ఆ అట్టకు సరిచూసుకోవాల్సిందే.

అట్టలో పీచు ఒకవైపుగా పరుచుకుని ఉంటుంది. కాగితపు యంత్రం మీద గుజ్జు పరిగెత్తే దిక్కున పీచు వరుసకడుతుంది. ఆ దిక్కున అట్ట బిగువుగా ఉంటుంది, అడ్డంగా మెత్తగా వంగుతుంది. తేమ తగిలితే పీచు పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. పెట్టె పక్కలు ఉబ్బిపోకుండా నిలవాలంటే పీచు ఎటు రావాలో గీసే రోజే నిర్ణయించాలి. ఒక పెద్ద షీటులో ఎన్ని పెట్టెలు పడతాయన్నదీ దీనిమీదే ఆధారపడుతుంది. తర్వాత మార్చడమంటే షీటు కొలత మార్చడం, అట్ట మళ్లీ తెప్పించడం.

అందుకే అచ్చులేని తెల్లటి నమూనా పెట్టె ఒకటి చేయించుకుని, అందులో నిజమైన పూతరేకులు సర్ది, మూసి, తెరిచి, కదిపి చూడాలి. కంప్యూటర్ తెర మీద ఎంత ముచ్చటగా ఉన్నా, రేకుల చివర్లు మూతకు తగిలి నలుగుతున్నాయా అన్నది చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. రోజుల్లో అయిపోయే ఈ నమూనా, వారాల నష్టాన్ని తప్పిస్తుంది.

అట్ట ఎక్కడినుంచి వస్తుందన్నదీ కాలపు లెక్కలో భాగమే. గోదావరి ఒడ్డునే, భద్రాచలం దగ్గరి సారపాకలో దేశంలోని పెద్ద పేపర్‌బోర్డు మిల్లుల్లో ఒకటి ఉంది. రైతులు పెంచిన సుబాబుల్, జామాయిల్ కర్ర అక్కడ గుజ్జుగా మారి అట్టవుతుంది. పక్కనున్న మిల్లు సరుకైనా, మనకు కావలసిన మందం, వెడల్పు డీలరు దగ్గర లేకపోతే మిల్లు ఆ రకాన్ని నడిపే వంతు వచ్చేదాకా ఆగాలి. డీలరు దగ్గర ఎప్పుడూ దొరికే కొలతను ఎంచుకోవడం చిన్న తయారీదారుకు మేలైన దారి.

రంగు, రాత, గీతలు

కంప్యూటర్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను కలిపి రంగు చూపిస్తుంది. ఆఫ్‌సెట్ యంత్రం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో కాగితం మీది తెల్లటి కాంతిలోంచి కొంత మింగి రంగు చూపిస్తుంది. ఒకటి కాంతిని కలపడం, రెండోది తీసేయడం. తెర మీద మెరిసే పసుపుపచ్చ, నారింజ రంగులు కొన్ని సిరాకు అందవు. పైగా రెండు రంగులు ట్యూబ్‌లైటు కింద ఒకేలా ఉండి ఎండలో వేరుగా కనిపించవచ్చు. అందుకే రంగు ప్రూఫ్‌ను 5000 కెల్విన్ ప్రామాణిక కాంతి కింద, అసలు వాడబోయే అట్ట మీద, లామినేషన్ వేసి చూసి ఒప్పుకోవాలి. ఫోన్‌లో ఫొటో చూసి సరేనన్న రంగు గురించి తర్వాత ఎవరితోనూ వాదించలేం.

ఇక రాత. ఆహార ప్యాకెట్ మీద ఏం ఉండాలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనలు, 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతాయి. పదార్థాల జాబితా, పోషక విలువలు, పాలు, జీడిపప్పు వంటి అలర్జీ కారకాల ప్రస్తావన, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, వాడదగిన గడువు, చిరునామా, 14 అంకెల లైసెన్స్ సంఖ్య. ఇందులో గడువు మన 30 రోజుల పరీక్ష నుంచే రావాలి. ధర, తేదీ, బ్యాచ్ సంఖ్య తరచూ మారతాయి గనక వాటికి అచ్చులో ఖాళీ జాగా వదిలి, నింపేటప్పుడు ముద్ర వేసుకోవడం మంచిది. ప్లేటు తయారయ్యాక ఒక్క అంకె మారినా కొత్త ప్లేటే.

బార్‌కోడ్‌ను చాలామంది చివరి నిమిషంలో మూలకు అతికిస్తారు. దుకాణాల్లో దీని వాడకం 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో మొదలైంది. మన దేశంలో నమోదైన సంస్థల సంఖ్యలు 890తో మొదలవుతాయి, మొత్తం 13 అంకెలు, చివరిది ముందున్న వాటి నుంచి లెక్కగట్టే సరిచూపు అంకె. దుకాణాల్లోని స్కానర్లు ఎక్కువగా ఎర్ర కాంతితో చదువుతాయి. ఎర్ర సిరా ఎర్ర కాంతిని తెల్ల కాగితంలాగే తిప్పికొడుతుంది. కాబట్టి తెలుపు మీద ఎర్ర గీతలు మన కంటికి స్పష్టంగా ఉన్నా స్కానర్‌కు ఖాళీ కాగితమే. పండుగ పెట్టెలకు కుంకుమ రంగు ఎంచుకునేవారు ఈ భౌతికశాస్త్రాన్ని తప్పక గుర్తుంచుకోవాలి. బార్‌కోడ్‌కు తెల్లటి జాగాలో నల్లటి గీతలు కావాలి, రెండు పక్కలా ఖాళీ కావాలి.

ఆరడం అనే రసాయన చర్య

అచ్చు యంత్రం ఆగిన క్షణానికి పెట్టె సగమే అయింది. మామూలు ఆఫ్‌సెట్ సిరాలో అవిసె నూనె వంటి నూనెలుంటాయి. అచ్చుపడిన కొన్ని నిమిషాల్లో పలుచటి భాగం అట్టలోకి ఇంకి, పైన తాకితే అంటనట్టు కనిపిస్తుంది. అసలు గట్టిపడటం తర్వాత జరుగుతుంది. నూనె అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి, ఒకదానితో ఒకటి ముడిపడి, గట్టి పొరగా మారతాయి. కోబాల్ట్, మాంగనీస్ లవణాలు ఈ చర్యను వేగం చేస్తాయి. అయినా కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల దాకా పడుతుంది. చలి ఉంటే, తేమ ఎక్కువుంటే ఇంకా ఆలస్యం. పచ్చిగా ఉన్న షీట్లను పేర్చితే కింది షీటు సిరా పై షీటు వీపుకు అంటుకుంటుంది. అందుకే స్టార్చ్ పొడిని సన్నగా చల్లి షీట్ల మధ్య గాలి ఆడేలా చేస్తారు.

ఈ చర్యలో హెక్సనాల్ వంటి వాసన వేసే ఆల్డిహైడ్లు కూడా పుడతాయి. వాటికి బయటికి పోయే సమయం ఇవ్వకుండా పెట్టెలు కట్టి సరుకు నింపితే ఆ వాసన నెయ్యిలోకి చేరుతుంది, ఎందుకంటే కొవ్వు ఇలాంటి అణువులను తేలిగ్గా తనలో కలుపుకుంటుంది. దీన్ని పసిగట్టే పరీక్ష ఒకటుంది. అచ్చయిన అట్ట ముక్కలను, చాక్లెట్‌ను ఒకే సీసాలో మూసిపెట్టి, తర్వాత ఆ చాక్లెట్‌ను రుచి తెలిసినవారు తిని చూస్తారు. దీన్ని రాబిన్సన్ పరీక్ష అంటారు. చాక్లెట్ బదులు మన నెయ్యితోనే ఇంట్లో ఇలా చూసుకోవచ్చు. అతినీలలోహిత కాంతితో క్షణాల్లో గట్టిపడే సిరాలు ఉన్నాయి, వాటితో ఈ నిరీక్షణ తగ్గుతుంది. కానీ ఆ సిరా పూర్తిగా గట్టిపడిందా, ఆహార ప్యాకింగ్‌కు తగినదేనా అని విడిగా అడగాలి. ఆహార ప్యాకింగ్ సిరాలకు మన దేశంలో ఐఎస్ 15495 అనే ప్రమాణం ఉంది.

లోపలి కవరుకూ తన కాలం ఉంది. రెండు మూడు ఫిల్ములను పాలీయురేథేన్ జిగురుతో అతికిస్తారు. ఐసోసయనేట్, పాలీఆల్ అనే రెండు భాగాలు కలిసి చర్య జరిపి గట్టిపడతాయి. చర్య పూర్తికాకముందు మిగిలిన ఐసోసయనేట్ తేమతో కలిస్తే ఆహారంలోకి చేరకూడని అమైన్లు ఏర్పడే ప్రమాదం ఉంది. అందుకే లామినేట్ చుట్టలను వెచ్చటి గదిలో ఉంచుతారు. జిగురు రకాన్ని బట్టి ఇది ఒకటి రెండు రోజుల నుంచి వారం, ఆపైన కూడా కావచ్చు. కవరు మీద అచ్చు కావాలంటే గ్రావ్యూర్ సిలిండర్లు చెక్కించాలి, ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్. మొదటి ఏడాది కవరును సాదాగా వదిలి, చెప్పాల్సిందంతా అట్టపెట్టె మీదే చెబితే ఈ ఖర్చు, ఈ వారాలు రెండూ మిగులుతాయి.

పెద్ద పెట్టె, తడి గాలి

అందమైన పెట్టెలను మోసే ముడతల అట్టపెట్టెను అందరూ చివర్లో తలుచుకుంటారు. ముడతల కాగితం 1856లో ఇంగ్లండ్‌లో టోపీల లోపలి పట్టీగా మొదలై, 1871లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ జోన్స్ చేతిలో సీసాలు చుట్టే సరంజామాగా మారింది. దాని బలమంతా అలల్లాంటి మధ్య పొరలో ఉంది. 1963లో మెకీ బృందం ఇచ్చిన సూత్రం ప్రకారం పెట్టె మోయగల బరువు మూడింటి మీద ఆధారపడుతుంది: అట్ట అంచు నలగడానికి కావలసిన బలం, అట్ట మందం, పెట్టె చుట్టుకొలత.

ఆ బలం తేమతో తగ్గుతుంది. కాగితపు పీచులను పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. నీటి అణువులు మధ్యలో దూరితే ఆ పట్టు సడలుతుంది. ఇంజనీర్లు వాడే లెక్కల ప్రకారం గాలిలో తేమ 90 శాతానికి చేరితే పెట్టె బలం సగానికి పడిపోతుంది. నెల రోజులు బరువు కింద ఉంటే ఉన్నదాంట్లో 60 శాతమే మిగులుతుంది. రెండూ కలిస్తే ప్రయోగశాలలో 200 కిలోలు మోసిన పెట్టె గోదాములో 60 కిలోలకే కూలవచ్చు. అక్టోబర్, నవంబర్ నెలలు తుపాన్లు కోస్తాను తాకే కాలం. ముందే తెప్పించిన పెట్టెలను నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు దూరంగా, ప్లాస్టిక్ కప్పి ఉంచాలి.

నింపిన పెద్ద పెట్టెను పడేసి చూడటం కూడా పథకంలో ఉండాలి. ఇస్టా 1ఎ అనే రవాణా పరీక్ష పద్ధతిలో తొమ్మిదిన్నర కిలోల లోపు పెట్టెను 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు పడేస్తారు: ఒక మూల మీద, మూడు అంచుల మీద, ఆరు ముఖాల మీద. పరీక్షించే వసతులు కావాలంటే 1966లో ముంబయిలో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాదులోనూ కేంద్రం ఉంది.

వంద రోజుల క్యాలెండర్

ఇప్పుడు వెనక్కి లెక్కపెడదాం. ఇవి ఒక చిన్న తయారీదారుకు సరిపడే పని అంచనాలు. ఎవరి సరఫరాదారును బట్టి వారు సవరించుకోవాలి.

డిసెంబర్ 20న పెట్టెలు చేతిలో ఉండాలి. అనుకోని ఆటంకాలకు 14 రోజులు వదిలితే డిసెంబర్ 6న రావాలని ఆర్డర్‌లో రాయాలి. రవాణాకు, వచ్చాక సరిచూసుకోవడానికి 4 రోజులు, అంటే డిసెంబర్ 2న ప్రెస్సు నుంచి బయలుదేరాలి. అచ్చు, ఆరడం, లామినేషన్, పంచింగ్, పేస్టింగ్ కలిపి 14 రోజులు, నవంబర్ 18న యంత్రం ఎక్కాలి. అట్ట రావడానికి, ప్లేట్లకు, డైకి 10 రోజులు, నవంబర్ 8న ఆర్డర్ ఖాయం కావాలి. పరీక్ష ఫలితం చూసి, గడువు రాసి, తుది ప్రూఫ్ దిద్ది సంతకం పెట్టడానికి 7 రోజులు, నవంబర్ 1. నిల్వ పరీక్షకు 30 రోజులు, అక్టోబర్ 2. ఫిల్ములు తెప్పించి, తెల్లటి నమూనాలు చేయించడానికి 14 రోజులు, సెప్టెంబర్ 18. సరుకును కొలిచి, ఎక్కడికి వెళ్లాలి, ఎన్ని కావాలి, ఎంత ఖర్చు అని తేల్చుకోవడానికి 7 రోజులు, సెప్టెంబర్ 11. సంక్రాంతి పెట్టె పని వినాయక చవితి రోజుల్లో మొదలవ్వాలన్నమాట.

రంగు రూపకల్పన, లేబుల్ రాత, బార్‌కోడ్ నమోదు, పెద్ద పెట్టె ఆర్డర్ ఈ జాబితాలో లేవు. అవి పరీక్ష నడిచే అక్టోబర్ నెలలో పక్కన సాగుతాయి. వాటికి వెసులుబాటు ఉంది గానీ అది అంతులేనిది కాదు. దీపావళికి కార్మికులు ఊళ్లకు వెళతారు. శివకాశి మొదలుకుని అచ్చు ఊళ్లన్నీ ఏడాది చివర్లో క్యాలెండర్లు, డైరీలతో నిండి ఉంటాయి. ప్రెస్సులో వంతు ముందే మాట్లాడుకోకపోతే నవంబర్ 18 ఖాళీగా దొరకదు.

జాప్యానికీ గణితం ఉంది

పద్నాలుగు రోజుల అదనం ఎందుకని అడగవచ్చు. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనికోసం పెర్ట్ అనే పద్ధతి తెచ్చింది. అందులో ప్రతి పనికీ మూడు అంచనాలు అడుగుతారు: అన్నీ కలిసొస్తే, మామూలుగా అయితే, అన్నీ ఎదురు తిరిగితే. మధ్య అంచనాను నాలుగుతో హెచ్చవేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తారు. ప్రెస్సు పని 8 రోజుల్లో కావచ్చు, మామూలుగా 12, చెడితే 28 అనుకుందాం. 8, 48, 28 కలిపితే 84, ఆరుతో భాగిస్తే 14. ప్రెస్సు వారు నోటితో చెప్పేది 12, పథకంలో రాసుకోవాల్సింది 14. పనులు ముందుకు జరిగేది కొద్దిగానే, వెనక్కి జరిగేది మాత్రం చాలా.

ఇంకో లెక్క మరింత కళ్లు తెరిపిస్తుంది. సరుకు బయలుదేరాలంటే అట్టపెట్టె, లోపలి కవరు, పెద్ద పెట్టె, లైసెన్సుతో సహా లేబుల్ రాత, రవాణా అనే ఐదూ సిద్ధంగా ఉండాలి. ఒక్కొక్కటి సమయానికి వచ్చే అవకాశం 90 శాతం అనుకుందాం, దేనికది నమ్మకమైనదే. ఐదూ ఒకేసారి సమయానికి వచ్చే అవకాశం 0.9ను ఐదుసార్లు హెచ్చవేస్తే వస్తుంది: 59 శాతం. అందరూ నిజాయితీగా పనిచేసినా పదింట నాలుగుసార్లు ఏదో ఒకటి ఆలస్యమవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, సంభావ్యత స్వభావమే అది. ఆ అదనపు రోజులను ప్రతి పనికీ కాస్త కాస్త పంచితే అవి కనపడకుండా ఖర్చైపోతాయి. చివర్లో ఒకచోట కుప్పగా ఉంచితే ఎవరికి అవసరమైతే వారికి అందుతాయి.

గడువు దగ్గరపడినప్పుడు ప్రెస్సుకు ఫోన్ చేసి రాత్రికి రాత్రి కావాలని పట్టుబట్టడం మనకు అలవాటు. యంత్రం నడిపే కార్మికుడు నిద్ర మానుకుని పని చేస్తాడు. సిరా మాత్రం తన వేగంతోనే గట్టిపడుతుంది, జిగురు తన వేగంతోనే కుదురుకుంటుంది. ఫలితం అంటుకున్న షీట్లు, ఊడిపోయే అంచులు, వాసన పట్టిన నెయ్యి, చెత్తకు పోయిన అట్ట. ఒక చెట్టు, ఒక మనిషి శ్రమ, ఒక ఇంటి పెట్టుబడి కలిసి ఆ చెత్తలో ఉంటాయి. అందుకే ఏ పెట్టె చేయించబోయినా మొదటి సమావేశంలోనే సరఫరాదారును రెండు ప్రశ్నలు అడగాలి: ఇందులో ఎవరు ఎంత తొందరపడినా తగ్గని రోజులెన్ని? వాటిలో అతి పొడవైనదాన్ని ఇవాళే మొదలుపెట్టడానికి ఏం కావాలి? ఈ రెంటికీ జవాబు దొరికితే మిగతా క్యాలెండర్ కాగితం మీద ఒక గంట పని.